చేతి పట్టీకి అందని బరువు లెక్క

సూరత్ మిల్లుల నుంచి సెలవుకు వచ్చే గంజాం జిల్లా యువకులు ఇంటికి తెచ్చే వస్తువుల్లో ఇప్పుడు ఫిట్‌నెస్ బ్యాండ్ కూడా చేరింది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... తెలుగు మాట వినిపించే ఈ సరిహద్దు పట్టణాల్లో ఏ జిమ్‌లోకి అడుగుపెట్టినా బార్ పట్టుకున్న చేతులకు ఆ నల్ల పట్టీ కనిపిస్తుంది. సెట్ (ఆపకుండా వరసగా ఎత్తే ఒక విడత) పూర్తయి బార్ స్టాండు మీదికి చేరీ చేరకముందే చూపు మణికట్టు మీదికి పోతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయి అన్నదే మొదటి ప్రశ్న. ఎంత బరువు ఎత్తాను, కిందటి వారం కంటే పెరిగిందా అన్న ప్రశ్న వెనకబడింది.

ఈ వరస తలకిందులైందని నేను గట్టిగా నమ్ముతున్నాను. బరువులెత్తే మనిషికి ఈ పరికరం వ్యాయామం చేసే గంటలో దాదాపు ఏ మేలూ చేయదు. కొందరికి కీడు చేస్తుంది. మిగిలిన ఇరవై మూడు గంటల్లో మాత్రం దానికి కొంత ప్రయోజనం ఉంది. కొనాలా వద్దా అన్నది ఈ తేడా తెలిశాక తేల్చుకోవలసిన సంగతి.

ఈ ప్రాంతానికి బరువు కొత్తది కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేరు వినని తాలింఖానా (పాతకాలపు వ్యాయామశాల) ఉత్తరాంధ్రలోనూ దక్షిణ ఒడిశాలోనూ లేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కాటూలు రవికుమార్ బరంపురం వాడే. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమె కంటే ముందు నిలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య రెండున్నర కిలోలే. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు వెళ్లింది, అది నిలిచి ఉంటే స్వర్ణం మనదే.

రెండున్నర కిలోలంటే జిమ్ భాషలో బార్‌కు చెరో పక్క ఒక చిన్న ప్లేటు, ఒక్కోటి 1.25 కిలోలు. బలం పెరగడమంటే ఆ చిన్న ప్లేట్ల జత ఒకటి అదనంగా ఎక్కడమే. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లకు తిరిగి బలం తేవడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డీలార్మ్ 1940లలో పాటించిన పద్ధతి కూడా ఇదే. పది సార్లు ఎత్తగలిగిన బరువును గుర్తించి, కండరం అలవాటు పడేకొద్దీ దాన్ని పెంచుతూ పోవడం. ఆ సూత్రం ఇప్పటికీ మారలేదు. దాన్ని కొలవడానికి కావలసిన అంకె ప్లేటు మీదే పోత పోసి ఉంది. ఎన్ని సార్లు లేచిందో మన నోరే లెక్కపెడుతుంది. ఆ రెండూ రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు.

బరంపురంలో ఒక పాత వ్యాయామశాలలో అలాంటి పుస్తకాన్ని దగ్గరగా చూశాను. చెమట తడికి అట్ట ఉబ్బిపోయింది. ప్రతి పేజీకీ తేదీ, కింద స్క్వాట్ (భుజాల మీద బరువుతో కిందికి కూర్చుని లేవడం), బరువు, రెప్స్ (ఎన్ని సార్లు లేచిందన్న లెక్క), పక్కన చిన్న అక్షరాలతో ఒక మాట: ‘తేలిక’, ‘నడుము పట్టింది’, ‘నిద్ర లేదు’. నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే ఆ మనిషి ఎక్కడ ఆగిపోయాడో, ఎందుకు ఆగిపోయాడో ఎవరికైనా తెలిసిపోతుంది. ఇంత సూటిగా చెప్పే తెర ఏ గడియారంలోనూ నాకు కనపడలేదు.

పట్టీ ఎలా చూస్తుందో తెలిస్తే కారణం అర్థమవుతుంది. దాని అడుగున పచ్చటి లైటు ఉంటుంది. ఆ కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు దగ్గర రక్తం పెరిగి, వెనక్కి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి నాడి వేగం చూపుతుంది. కూర్చున్నవాడి మీద, ఒకే తీరులో నడిచేవాడి మీద ఇది బాగానే పనిచేస్తుంది. నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపే డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం బార్‌ను బిగించి పట్టగానే ముంజేతి కండరాలు ఉబ్బుతాయి, స్నాయువులు కదులుతాయి, చర్మం కింద రక్తం అటూ ఇటూ నెట్టుకుపోతుంది. గుండె వల్ల వచ్చిన మార్పేదో పిడికిలి వల్ల వచ్చిన మార్పేదో పట్టీ తేల్చుకోలేదు. పైగా సెట్ ముప్పై నలభై సెకన్లలో అయిపోతుంది. చాలా పరికరాలు కొన్ని సెకన్ల సగటు తీసి చూపుతాయి కాబట్టి అసలు ఉధృతి అంకెల్లో కనిపించే సరికి బార్ కిందికి దిగిపోయి ఉంటుంది. మణికట్టు మీద హనుమంతుడి పచ్చబొట్టు ఉన్నవారికి ఇంకో చిక్కు. పచ్చబొట్టు సిరా కాంతిని అడ్డుకోవచ్చని తయారీదారులే చెబుతున్నారు. మన తాలింఖానాల్లో అలాంటి చేతులు తక్కువేమీ కాదు.

కేలరీల అంకె ఇంకా బలహీనమైనది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల పరికరాలను 60 మంది వాలంటీర్లతో పరీక్షించారు. నాడి వేగం విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం తేడాలోపు నిలిచాయి. ఖర్చయిన శక్తి విషయంలో ఒక్కటీ నిలవలేదు. అన్నిటికంటే మెరుగైన పరికరమే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. ఆ పరీక్షలో చేయించినవి నడక, పరుగు, సైకిలు. అంటే పట్టీకి అనుకూలమైన పనుల్లోనే పరిస్థితి ఇది. ఆ తర్వాత పరికరాలు మెరుగుపడి ఉండవచ్చు గానీ బరువులెత్తేటప్పుడు మూలంలోనే ఒక లోపం ఉంది. పరుగులో నాడి పెరిగితే దానికి తగ్గట్టు ప్రాణవాయువు వాడకమూ పెరుగుతుంది, కాబట్టి నాడిని బట్టి శక్తి ఖర్చును ఊహించవచ్చు. శ్వాస బిగబట్టి బరువు నెట్టేటప్పుడు నాడి పెరగడానికి కండరాల బిగింపే పెద్ద కారణం. ప్రాణవాయువు వాడకం ఆ మేరకు పెరగదు. పరుగుకు రాసుకున్న సూత్రం ఇక్కడ తప్పు చెబుతుంది. 70 కిలోల మనిషి గంటసేపు బరువులెత్తితే సాధారణ ప్రమాణాల ప్రకారం అయ్యే ఖర్చు 250 నుంచి 420 కేలరీలు. అందులోనూ తీవ్రతను బట్టి ఇంత తేడా. పట్టీ ఆరు వందలని చూపిందని నమ్మి ఆ లెక్కకు సరిపడా తిన్నవాడు నడుము చుట్టుకొలత పెరిగాక గానీ మేలుకోడు.

ఇవన్నీ కొలతలోని తప్పులే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది పట్టీ మనిషి పద్ధతిని మార్చేయడం.

పట్టీకి నాడి పైకి పోవడమే గొప్ప. ఎర్ర గీత దాటితే మెచ్చుకుంటుంది, రంగులు చూపుతుంది, గుండ్రటి గీత పూర్తి చేయమంటుంది. సెట్‌కూ సెట్‌కూ మధ్య మూడు నిమిషాలు కూర్చుంటే నాడి దిగిపోతుంది, అది దాని దృష్టిలో ఖాళీ సమయం. కూర్చున్నవాడికి తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే విరామం తగ్గిస్తాడు. విరామం తగ్గితే తర్వాతి సెట్‌లో బరువు తగ్గించక తప్పదు. బరువు తగ్గితే రెప్స్ వేగంగా, ఒకదాని వెంట ఒకటిగా సాగుతాయి, నాడి ఇంకా ఎగురుతుంది, పట్టీ ఇంకా మెచ్చుకుంటుంది. వంద కిలోలతో ఐదు స్క్వాట్లు శుభ్రంగా తీస్తున్న ఒక కుర్రాడు ఈ దారిలోనే డెబ్బైకి దిగిపోవడం చూశాను. బలం తగ్గుతున్నా తాను మునుపటి కంటే ఎక్కువ కష్టపడుతున్నాననే అతని నమ్మకం. చెమట ఎక్కువే పట్టింది, అందులో అబద్ధం లేదు. అతను కోరుకున్నది మాత్రం చెమట కాదు, రాష్ట్ర స్థాయి పోటీల్లో నిలబడే బలం.

భారీ సెట్‌కు కండరం వాడుకునే తక్షణ ఇంధనం ఫాస్ఫోక్రియేటిన్. అది దాదాపుగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో అప్పటికే బరువులెత్తే అలవాటున్న యువకులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సెట్ల మధ్య ఒక నిమిషం, ఇంకో జట్టుకు మూడు నిమిషాలు విరామం ఇచ్చి ఎనిమిది వారాలు చూశారు. మూడు నిమిషాలు ఆగినవారికే బలమూ కండ మందమూ ఎక్కువగా పెరిగాయి. విరామం బద్ధకం కాదు, అది శిక్షణలో భాగం. పట్టీకి ఆ సంగతి తెలియదు.

పాత గురువులకు తెలుసు. సెట్ దించగానే వాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న: “ఇంకెన్ని లేస్తాయి?” కుర్రవాడు “రెండు లేస్తాయి గురువుగారూ” అంటే, “అయితే వచ్చే వారం చిన్న ప్లేట్లు వెయ్యి” అంటారు. “ఒక్కటీ లేవదు” అంటే ఆ బరువు మీదే ఉంచుతారు. ఇప్పుడు క్రీడాశాస్త్రం మిగిలిన రెప్స్ లెక్కగట్టి తీవ్రతను నిర్ణయించే పద్ధతిని ఒప్పుకుంది. ఏ లైటూ లేకుండా మన తాలింఖానాల్లో అదే జరుగుతూ వచ్చింది. ఇంకొంచెం కచ్చితత్వం కావాలనుకునేవారు బార్ వేగాన్ని గమనించవచ్చు. బరువు మన గరిష్ఠానికి దగ్గరయ్యేకొద్దీ బార్ నెమ్మదిస్తుంది. బల్ల మీద పడుకుని బరువును పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో ఒక్కసారి మాత్రమే లేచే బరువు సెకనుకు సుమారు 0.15 నుంచి 0.2 మీటర్ల వేగంతో, స్క్వాట్‌లో సుమారు 0.3 మీటర్ల వేగంతో కదులుతుంది. దీన్ని కొలిచే పరికరాలు ఖరీదైనవే, కానీ పక్క నుంచి ఫోనుతో వీడియో తీసుకుంటే ఏ రెప్ దగ్గర బార్ ఈడ్చుకుపోయిందో కంటికే కనిపిస్తుంది.

నలభై దాటినవారికి ఒక హెచ్చరిక. తెర మీద నాడి 120 చూసి గుండెకు ఏ ప్రమాదమూ లేదని అనుకోకూడదు. 1985లో కెనడా పరిశోధకులు ఐదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలోకి నేరుగా గొట్టం పెట్టి, బరువులెత్తేటప్పుడు రక్తపోటు కొలిచారు. రెండు కాళ్లతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ చేస్తుండగా అది సగటున 320/250కి చేరింది. శ్వాస బిగబట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. ఆరోగ్యవంతుడి శరీరం ఆ కొన్ని సెకన్లను తట్టుకుంటుంది. బీపీ ఉండి మందులు సరిగా వేసుకోనివాడి సంగతి వేరు. ఆ పోటును పట్టీ చూడలేదు. బీపీ ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకుని, ఇంట్లో చేతికి కట్టి కొలిచే బీపీ మిషన్ కొనుక్కుంటే ఆ డబ్బు సద్వినియోగమైనట్టే.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మన పట్టణాల్లో జిమ్‌కు వచ్చేవారిలో చాలామందికి రెండు మూడు వేలు చిన్న మొత్తం కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం సాధారణ పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. బరువులెత్తేవారికి 1.6 గ్రాముల దాకా తీసుకుంటే కండ పెరుగుదలకు మేలని 2018 నాటి ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. 70 కిలోల మనిషికి 58 గ్రాములకూ 112 గ్రాములకూ ఉన్న తేడా అది. గుడ్డుకు సుమారు ఆరు గ్రాములు. పట్టీ ధరకు కొన్ని నెలలపాటు రోజుకు రెండు మూడు గుడ్లు వస్తాయి. ఇంకో మాట, జిమ్ యజమానులకు: చాలాచోట్ల 1.25 కిలోల ప్లేట్లే ఉండవు. ఐదు కిలోల కంటే తక్కువ పెంచే వీలు లేక కుర్రాళ్లు నెలల తరబడి ఒకే బరువు దగ్గర ఇరుక్కుపోతారు. కొన్ని వందల రూపాయలతో తీరే లోటు ఇది.

మరి ఎవరు కొనాలి? నిద్ర గాడి తప్పినవారు కొనవచ్చు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, ఫోను చూస్తూ ఎప్పుడు పడుకుంటున్నారో తమకే తెలియనివాళ్లు వారం రోజులు పట్టీ కట్టుకుంటే మొత్తం ఎన్ని గంటలు పడుకున్నారో ఇంచుమించు తెలుస్తుంది. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అని అది గీసే బొమ్మలను అంతగా నమ్మనక్కర లేదు. నిద్రలో తీసుకునే విశ్రాంతి నాడి మాత్రం నిజంగా పనికొచ్చే అంకె, ఎందుకంటే అప్పుడు చెయ్యి కదలదు, పిడికిలి బిగుసుకోదు. మామూలుగా 58 ఉండే నాడి రెండు మూడు రోజులుగా 66 దగ్గర ఉంటే శరీరం దేనితోనో పోరాడుతోందని అర్థం. అది అలసటా కావచ్చు, రాబోయే జ్వరమూ కావచ్చు. ఆ రోజు భారీ డెడ్‌లిఫ్ట్ వాయిదా వేయడం తెలివైన పని. పొద్దున్నే మంచం దిగకముందు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చేసినా ఇదే తెలుస్తుంది గానీ రోజూ తప్పకుండా చేసేవారు తక్కువ. ఆ క్రమశిక్షణ లేనివారికి పట్టీ మేలే. రోజంతా కొట్టులో, మగ్గం ముందు, బ్యాంకు కౌంటరులో కూర్చునేవారికి అడుగుల లెక్క కూడా ఉపయోగమే. పది వేల అడుగులన్న సంఖ్య మాత్రం శాస్త్రం నుంచి రాలేదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. అంతకంటే తక్కువ నడిచినా ఫలితం ఉంటుంది.

అందరికంటే ఎక్కువగా పనికొచ్చేది సైన్యం, పోలీసు ఉద్యోగాల కోసం పరుగూ బరువూ రెండూ సాధన చేసే యువతకు. సైన్యం ఎంపికలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. అక్కడ ప్రతి సెకనూ లెక్కే, దూరమూ వేగమూ నాడీ అన్నీ కావలసినవే. వాళ్లు మణికట్టు పట్టీ కంటే ఛాతీ పట్టీ గురించి ఆలోచించడం మంచిది. ఫిన్లాండ్ సంస్థ పోలార్ 1980ల మొదట్లోనే తెచ్చిన పద్ధతి అది. కాంతితో కాక గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా అందుకుంటుంది కాబట్టి పిడికిలి బిగించినా లెక్క చెడదు. కట్టుకునే ముందు చర్మానికి తగిలే భాగాన్ని కాస్త నీటితో తడపాలి, రొమ్ము కింద బిగుతుగా కట్టాలి, వాడాక చెమట పోయేలా కడిగి ఆరబెట్టాలి. పరుగు రోజుల్లో దాన్ని కట్టుకుని, స్క్వాట్ రోజుల్లో తీసి పక్కన పెట్టి, ఫోనులో మూడు నిమిషాల టైమరు పెట్టుకుంటే సరిపోతుంది.