సవరణ: డీఎంఏ అడిగింది ఎవరో ఐఓఎంఎంయూకి ఎలా తెలుస్తుంది?

డీఎంఏ అంటే కార్డులు ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీని చదవడం, రాయడం. ఏ కార్డు మెమరీలో ఎక్కడికి వెళ్లొచ్చో చూసే కాపలా హార్డ్‌వేర్ ఐఓఎంఎంయూ. "ప్రతి పీసీఐ కార్డుకీ విడి ఐడీ ఉంటుంది, ఐఓఎంఎంయూ దాన్ని చూసే మెమరీలోకి రానిస్తుంది" అని ముందటి పోస్టులో ఉంది. అది పీసీఐకి కొత్త రూపమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కే వర్తిస్తుంది. అక్కడ ప్రతి రిక్వెస్ట్‌లోనూ 16 బిట్ల రిక్వెస్టర్ ఐడీ ఉంటుంది: మామూలుగా బస్‌కి 8, డివైజ్‌కి 5, ఫంక్షన్‌కి 3. లైనక్స్‌లో కనిపించే 03:00.0 అదే.

పాత పీసీఐ కార్డులకు ఆ భాగ్యం లేదు. వాటిని పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో కలిపే చిప్ బ్రిడ్జ్. దాని వెనక ఎన్ని కార్డులున్నా, వాటి రిక్వెస్టులు బ్రిడ్జ్ పేరు మీదే బయటికొస్తాయి. ఏది ఏ కార్డుదో ఐఓఎంఎంయూకి తెలియదు, అందుకే లైనక్స్ వాటన్నిటినీ ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో, అంటే విడదీయకూడని గుంపులో, పడేస్తుంది. సౌండ్ కార్డు ఒక్కదాన్నే వర్చువల్ మెషీన్‌కి ఇద్దామంటే కుదరదు, గ్రూపంతా హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ని నడిపే అసలు మెషీన్) వదులుకోవాల్సిందే.

ఆర్మ్ ప్రాసెసర్లున్న మెషీన్లలో లెక్క వేరు. అక్కడ రిక్వెస్ట్‌తో పాటు వచ్చే స్ట్రీమ్ ఐడీ అనే నంబరు చూస్తారు. ఏ ఐడీ ఏ డివైజ్‌దో డివైజ్ ట్రీయో, ఏసీపీఐ పట్టికో (రెండూ మెషీన్‌లోని హార్డ్‌వేర్ వివరాల జాబితాలే) చెబితేనే కెర్నల్‌కి తెలుస్తుంది.