రోబోకి అన్నీ వదిలేస్తే సరిపోతుందా?

"రోబో సర్జరీలో డాక్టరు చెయ్యి పెట్టడు, మిషనే చూసుకుంటుంది. చెయ్యి వణకదు కాబట్టి తప్పు జరగదు. కోత ఆపరేషన్ ఇక ఎవరికీ అక్కర్లేదు. ఖర్చంతా ఇన్సూరెన్స్‌దే." వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్న మాటలివి. గర్భసంచిలో గడ్డలకి గుంటూరు కొత్తపేటలో చూపించుకుంటున్న మా పిన్ని ఇది చదివి "రోబో లేకపోతే ఆపరేషనే వద్దులే అబ్బాయ్" అని కూర్చుంది. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

మిషన్ తనంతట తాను కొయ్యదు. ఎక్కువగా వాడే డావిన్సీ అనే రోబోలో సర్జన్ అదే థియేటర్లో, టేబుల్‌కి కాస్త ఎడంగా కన్సోల్ దగ్గర కూర్చుంటారు. అందులో తల ఆనించి లోపలి అవయవాలను త్రీడీలో పెద్దవిగా చూస్తూ, వేళ్ళతో మీటలు, కాళ్ళతో పెడల్స్ నడిపిస్తారు. ఆయన తల పక్కకి తీస్తే చాలు, పొట్టలో ఉన్న పరికరాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పేషెంటు పక్కనే ఇంకొకరు నిలబడి పరికరాలు మారుస్తుంటారు. మత్తు డాక్టరు సరేసరి.

వణుకు తగ్గుతుందన్నది నిజమే. పరికరం కొస మణికట్టులా తిరుగుతుంది కాబట్టి ప్రోస్టేట్ లాంటి ఇరుకు చోట్ల సర్జన్‌కి సుఖం. కానీ ఎక్కడ కొయ్యాలన్నది ఆయన నిర్ణయమే. తప్పు చోట కొయ్యమంటే అది వణక్కుండా తప్పు చోటే కోస్తుంది! క్యాన్సర్ కాని గర్భసంచి ఆపరేషన్లు 2.6 లక్షలకు పైగా పరిశీలించిన అమెరికా అధ్యయనం 2013లో వచ్చింది. అందులో లాపరోస్కోపీకీ (రోబో లేకుండా చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) రోబోకీ కాంప్లికేషన్లు దాదాపు సమానమే, రోబోకి అయ్యే ఖర్చు మాత్రం రెండు వేల డాలర్లకు పైగా ఎక్కువ. పిన్నికి ఇదే చెప్పాను.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది "కోత అక్కర్లేదు" అన్న మాట. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో ఉన్న 631 మంది మహిళలపై చేసిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. నాలుగున్నరేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు పొట్ట కోసి చేసినవారిలో 96.5 శాతం, చిన్న రంధ్రాలతో చేసినవారిలో 86 శాతమే. ఆ రెండో గుంపులో ఎక్కువమందికి చేసింది లాపరోస్కోపీ, కొద్దిమందికే రోబో. అయినా మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఈ క్యాన్సర్‌కి రోబో వాడకం విషయంలో జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది. మచ్చ చిన్నదని మురిసిపోయే జబ్బు కాదిది.

ఇక డబ్బు. రోబో సర్జరీని కవర్ చెయ్యాలని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పిన మాట వాస్తవం. కంపెనీలు దానికి సబ్‌లిమిట్ (ఇంతకు మించి ఇవ్వమన్న పరిమితి) పెట్టుకోవచ్చనీ అప్పుడే చెప్పింది, ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆ ముక్క మింగేస్తారు. పాలసీలో ఆ అంకె ఎంతుందో చూసుకుని, చేతి నుంచి ఎంత పడుతుందో అడ్మిట్ కాకముందే బిల్లింగ్ కౌంటర్లో కాగితం మీద రాయించుకోండి.