టెన్షన్ రెంచ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ టెన్షన్ రెంచ్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నా ఎడమచేతి చూపుడువేలు మాత్రం అంత క్షేమంగా లేదు. అందుకు బాధ్యులు తమరే కనుక ఈ లేఖ తమకే రాయవలసి వచ్చింది.

తాళంకప్పలను చెవి లేకుండా తెరవడం నాకు సరదా, ఆ పనిలో కప్ప లోపలి భాగాన్ని తిప్పి పట్టుకునే పనిముట్టు తమరు. నా డబ్బుతో నేను కొన్నవి, ఏ తలుపుకూ వేలాడనివి మాత్రమే ముట్టుకుంటాను. ఈ సరదా ఉన్నవాళ్లు పాటించే కట్టుబాటు అదే. అయినా మా ఆవిడ దీనిని చోరవిద్య అనే పిలుస్తుంది. చెవి దూర్చే సందును మన భాషలో కన్నం అనడం ఆమె వాదానికి బాగా కలిసివచ్చింది.

ముందుగా తమ పేరు సంగతి. తమరు చేసేది లాగడం కాదు, తిప్పడం. కనుక టెన్షన్ అన్న మాట తప్పని, తమను టర్నింగ్ టూల్ అనాలని పట్టుబట్టే పండితులు ఈ విద్యలో ఉన్నారు. వాళ్లు భౌతికశాస్త్రం చదివారు గానీ తెలుగువాళ్ల మధ్య బతకలేదు. టెన్షన్ అనే మాటను మేము ఏ అర్థంలో వాడతామో ఆ అర్థంలో తమకు అంతకన్నా తగిన పేరు లేదు.

మెకానిక్ షెడ్డులో పారేసిన పాత వైపరు నుంచి ఊడదీసి, మోకాలి దగ్గర మడిచిన స్టీలు పట్టీ తమరు. చూసేవాళ్ల కళ్లన్నీ కప్ప లోపలి పిన్నులను ఎత్తే సన్నటి పుల్ల, అంటే పిక్ మీదే ఉంటాయి. పేరు దానిది, పెత్తనం తమది. కప్ప పొట్టలో ప్లగ్ అనే గుండ్రటి ఇత్తడి ముక్క ఉంటుంది, దానిని తిరగనివ్వకుండా ఐదు జతల పిన్నులు స్ప్రింగుల ఒత్తిడితో దిగబడి ఉంటాయి. 1840లలో లైనస్ యేల్ అనే అమెరికన్ రూపొందించగా, 1860లలో ఆయన కొడుకు బల్లపరుపు చెవితో మెరుగుపెట్టిన ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది: ఐదు రంధ్రాలనూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరుసలో తొలవడం ఏ కార్ఖానాకూ సాధ్యం కాదు. అందువల్ల తమరు ప్లగ్‌ను కొద్దిగా తిప్పి పట్టుకున్నప్పుడు పిన్నులన్నీ ఒక్కసారిగా బిగుసుకోవు, ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. దానిని పిక్‌తో సరిగ్గా కావలసినంత ఎత్తితే టిక్కుమంటుంది, ప్లగ్ ఇసుమంత కదులుతుంది, బిగిసే వంతు మరొకదానికి వస్తుంది. ఇదంతా తమరు కుదురుగా కూర్చుంటేనే.

ఆ కూర్చోవడమే కదా అసలు బాధ! పిన్నులకు ఎదురువైపు, కన్నం అడుగున తమకు ఆసనం వేయడం పాత మర్యాద. నా యాభై మిల్లీమీటర్ల ఇత్తడి కప్ప కన్నమే సన్నం, అందులో సగం తమరు ఆక్రమించి, రైల్లో కిటికీ సీటు దొరికిన పెద్దమనిషిలా కాళ్లు చాపుతారు. పిక్ పాపం నిలబడి ప్రయాణం చేస్తుంది. పైగా తమరు కాస్త పక్కకు ఒరిగితే తమ మోకాలు ప్లగ్‌ను వదిలి కప్ప ఒంటికి ఆనుకుంటుంది. అప్పుడు నేను నొక్కేదంతా ఎన్నటికీ తిరగని భాగం మీదికి పోతుంది. ఒక ఆదివారం రెండు గంటలపాటు అలా కప్ప ఒంటిని నొక్కుతూ, పిన్నులు పలకడం లేదని వాటిని తిట్టాను. తమరు ఒక్క మాట చెప్పలేదు.

పోనీ పిన్నులవైపు, కన్నం పెదవి దగ్గర కూర్చోబెడదామంటే అక్కడ తమ మందం లెక్క తప్పకూడదు. ఒక మిల్లీమీటరు పట్టీ జారిపోయింది, పావు మిల్లీమీటరు ఎక్కువున్నది దూరనని మొండికేసింది. ఆకురాయితో అంచు అరగదీసి, ఊపిరి బిగబట్టి దూర్చితే, కొంచెం లోతుగా దిగి మొదటి పిన్ను దారికే అడ్డంగా నిలిచారు. (ఈ వైపును పైభాగం అంటారు. తలుపు తాళాలకు యూరప్‌లో పిన్నులు కిందికి ఉంటాయి కనుక అక్కడ పైభాగమే కింద. ఈ చర్చలోకి దిగి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.)

ఇక ఎంత నొక్కాలన్నది. గోరు అంచు తెల్లబడిందంటే ఎక్కువైనట్టే, పిన్నులన్నీ కొయ్యబారతాయి. వేలు తేలిస్తే అంతవరకు ఎత్తినవన్నీ టపటపా రాలిపోతాయి. నా కప్ప ప్లగ్‌కు వెనక్కి లాగే స్ప్రింగు కూడా ఉంది, దానికి చెల్లించవలసిన కప్పం వేరు. అందులో డమరుకంలా నడుము సన్నబడ్డ పిన్ను ఒకటి తగిలినప్పుడు చూడాలి తమ వినోదం. ప్లగ్ ఠీవిగా కొంత తిరిగి, తెరుచుకుందన్న ఆశ పెట్టి ఆగిపోతుంది. అప్పుడు పిన్నును ఎత్తుతుంటే తమరు నా వేలిని వెనక్కి నెడతారు. ఆ నెట్టుడుకు లొంగి పట్టు సడలించినవాడికే దారి దొరుకుతుందట, కానీ ఎంత సడలించాలో తమరు చెప్పరు.

లండన్‌లో బ్రామా అనే తాళాల కంపెనీ వారు 200 గినీల పందెంతో దశాబ్దాలపాటు అద్దాల కిటికీలో పెట్టిన తాళాన్ని 1851లో హాబ్స్ అనే అమెరికన్ తెరిచాడు. 16 రోజుల్లో 51 గంటలు పట్టిందట. ఆయన పనితనానికి నాకు పోలిక లేదు గానీ, గంటల విషయంలో దగ్గరికి వచ్చాను.

మొన్న ఆదివారం, పదకొండో ప్రయత్నంలో, కప్ప నోరు తెరిచింది. ప్లగ్ ఒక్కసారిగా తిరగడంతో తమరు ఎగిరి, గోడకు ఠంగున తగిలి, బీరువా కిందికి వెళ్లిపోయారు. చీపురుపుల్లతో రెండుసార్లు వెతికితే ఒక అర్ధరూపాయి బిళ్ల, పోయిందనుకున్న బీరువా తాళంచెవి దొరికాయి, తమరు దొరకలేదు. ఆ తాళంచెవి చూసిన మా ఆవిడ, ఇన్నాళ్లూ బీరువాను ఎందుకు తెరవలేకపోయావని అడిగింది. దయచేసి బయటికి రండి, ఆమెకు సమాధానం తమరే చెప్పాలి.

ఇట్లు,
తమ విధేయుడు