బిజినెస్ స్కూళ్లు వదిలేసిన చదువు

బీకాం చేసిన కుర్రాడు గానీ, మెకానికల్ ఇంజినీరింగ్ చదివి కోడింగ్ అంటే జంకే అమ్మాయి గానీ అమెరికా చదువు కోసం ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా దాదాపు ఒకే సలహా వినిపిస్తుంది. ‘ఎంఐఎస్ తీసుకోండి, లేదంటే బిజినెస్ అనలిటిక్స్. కోడింగ్ తక్కువ, స్టెమ్ ఉంది, మూడేళ్లు ఓపీటీ.’ ఎంఐఎస్ అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. స్టెమ్ అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల జాబితా. ఓపీటీ అంటే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి. ఇందులో చదువు గురించిన ముక్క ఒక్కటీ లేదు. లక్షల రూపాయల అప్పుతో విమానం ఎక్కే పిల్లలకు ఆ డిగ్రీలో ఏం చెబుతారో తెలియకపోవడం విచిత్రమే. అలాగని కన్సల్టెన్సీలను తిట్టిపోసి లాభం లేదు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే చదువును మన రెండు రాష్ట్రాల్లోని బిజినెస్ స్కూళ్లే పట్టించుకోనప్పుడు పిల్లలకు దాని గురించి చెప్పేవాళ్లెవరు?

ఈ శాఖ బిజినెస్ స్కూల్లోనే పుట్టింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్ 1968లో దీనికి ఒక కోర్సు రూపం ఇచ్చారు. ఆయన అకౌంటింగ్ నుంచి వచ్చిన మనిషి. ఈ రంగంలో ఇప్పటికీ పెద్ద పేరున్న ‘ఎంఐఎస్ క్వార్టర్లీ’ పత్రిక 1977లో అక్కడే మొదలైంది. 1974లో అరిజోనా విశ్వవిద్యాలయ బిజినెస్ కాలేజీలో జే నునమేకర్ ఎంఐఎస్ శాఖను స్థాపించారు. కంపెనీలు అప్పటికే కంప్యూటర్లు కొని జీతాల పట్టీలు, స్టాకు లెక్కలు అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాయి. యంత్రం పనిచేస్తోంది. తేలనివి వేరే ఉన్నాయి. లెక్క ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి, ఏ అంకె ఎవరి బల్ల మీదికి వెళ్లాలి, అది తప్పయితే దిద్దే అధికారం ఎవరిది? అల్గారిథమ్ పుస్తకంలో వీటికి జవాబు దొరకదు, బ్యాలెన్స్ షీట్‌లోనూ దొరకదు.

అందుకే దీని సిలబస్ రెండు పడవల మీద నడుస్తుంది. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అధ్యాపకుల సంఘం ఏఐఎస్ కలిసి మాదిరి పాఠ్యప్రణాళికలు తయారుచేశాయి. పీజీకి 2016లో ఒకటి, డిగ్రీకి ఐఎస్ 2020 పేరుతో మరొకటి వచ్చాయి. డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్, నెట్‌వర్కులు, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, సెక్యూరిటీ, సమాచార నైతికత, వీటితోపాటు సంస్థ ఎలా నడుస్తుందన్న అవగాహన ఇందులో ఉంటాయి. ‘కోడింగ్ తక్కువ’ అన్నమాట సగమే నిజం. డేటాబేస్‌లోంచి సమాచారం రాబట్టే భాష ఎస్‌క్యూఎల్ రాకుండా, ఇప్పుడైతే పైథాన్ కూడా కొంత రాకుండా ఈ డిగ్రీ గట్టెక్కదు. పైగా ఒక ఆఫీసులో పని ఎలా సాగుతుందో కూర్చుని కనుక్కుని, కాగితం మీద గీసి, ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం అనే కష్టమైన విద్య అదనం. దాన్ని ఏ యూట్యూబ్ వీడియోతోనూ నేర్చుకోలేం.

అమెరికా దారి ఎంచుకునేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. స్టెమ్ అవునా కాదా అన్నది డిగ్రీ పేరును బట్టి తేలదు. ఆ కోర్సుకు వర్సిటీ వాడే ఆరంకెల కోడ్‌ను బట్టి తేలుతుంది. ఒకే పేరున్న కోర్సుకు రెండు వర్సిటీల్లో రెండు కోడ్‌లు ఉండొచ్చు. అది వీసా కోసం వర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలోనే ఉంటుంది, ఫీజు కట్టే ముందే అడిగి చూసుకోవాలి. ఓపీటీ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా గడపగలిగేది 90 రోజులే. మరో 24 నెలల స్టెమ్ పొడిగింపు కలిపినా మొత్తం 150 రోజులు. ఉద్యోగ వీసా హెచ్‌-1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమును 2025 సెప్టెంబరులో ప్రకటించాక ఇక్కడి ఇళ్లల్లో మొదలైన టెన్షన్ ఇంకా పోలేదు. అక్కడే చదువుకుంటూ వీసా హోదా మార్చుకునే విద్యార్థులకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చినా, నిబంధనలు ఎప్పుడు ఎటు తిరుగుతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. విదేశీ విద్యార్థుల్లో చైనాను దాటి మనవాళ్లే మొదటి స్థానంలో నిలిచారు. ఇంతమంది వెళ్లే చోట వీసా గడువు చూసి డిగ్రీని ఎంచుకుంటే, గడువు తీరిన రోజున చేతిలో ఏం మిగులుతుందన్న ప్రశ్న ఇంట్లో ఒక్కసారైనా రావాలి.

ఇక్కడి పరిస్థితికి వద్దాం. దేశంలో ఎంబీఏ మొదలుపెట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. అది 1957 నాటి మాట. అంత చరిత్ర ఉన్న చోట, తర్వాత వీధికొకటిగా వెలిసిన ఎంబీఏ కాలేజీల్లో, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చాలావరకు ఒక పేపరుగా మిగిలింది. ‘ఎంఐఎస్‌కూ డీఎస్ఎస్‌కూ (నిర్ణయాలకు తోడ్పడే సిస్టమ్స్) తేడా రాయుము’ అన్న ప్రశ్నకు గైడు చూసి బట్టీపట్టిన జవాబుతో అది ముగుస్తుంది. ఆ పేపరు పాసైన విద్యార్థి ఒక్క ఆర్డరు కంపెనీలోకి వచ్చి బిల్లుగా మారేదాకా ఎన్ని చేతులు మారుతుందో గీసి చూపించలేడు. బీకాం కంప్యూటర్స్‌కు గిరాకీ బాగానే ఉంది. అందులోనూ కంప్యూటర్ ఒక గదిలో, కామర్స్ ఇంకో గదిలో ఉంటాయి. ఒకచోట సి లాంగ్వేజి, మరోచోట కంపెనీ అకౌంట్స్. కొనుగోలు పుస్తకానికీ జీఎస్టీ పోర్టల్‌లోని 2బీకీ (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల పట్టిక) లెక్క ఎందుకు కలవడం లేదన్న ప్రశ్న ఆ రెండు గదులకూ చెందుతుంది. అందుకే ఏ గదిలోనూ చెప్పరు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ కుర్రాడికి అదే ఎదురవుతుంది.

ఖాళీ ఉన్నచోట ఎవరో ఒకరు వస్తారు. టీసీఎస్ సిలబస్ రూపొందించిన కంప్యూటర్ సైన్స్ అండ్ బిజినెస్ సిస్టమ్స్ కోర్సు ఇంజినీరింగ్ కాలేజీల్లోకి అలాగే వచ్చింది. బిజినెస్ స్కూళ్లు చేయాల్సిన పనిని ఒక ఐటీ కంపెనీ, ఇంజినీరింగ్ కాలేజీలు అందుకున్నాయన్నమాట. ఇక అమీర్‌పేట సంగతి చెప్పనక్కర్లేదు. కంపెనీ లావాదేవీలన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీలో ఫైకో (అకౌంట్స్), ఎంఎం (కొనుగోళ్లు, సరుకు), అమ్మకాల ఎస్‌డీ అంటూ గోడల నిండా బోర్డులు. బీకాంలు, ఎంబీఏలు అక్కడ ఫీజు కట్టి నేర్చుకుంటున్నది అచ్చంగా ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఒక ముక్కే. రెండేళ్ల ఎంబీఏ ఇవ్వలేనిది కొన్ని వారాల కోచింగ్ ఇస్తోందంటే కోచింగ్ సెంటర్ గొప్పతనం కొంత, విశ్వవిద్యాలయాల నిర్లక్ష్యం చాలా. అయితే అక్కడ నేర్పేది ఏ స్క్రీన్ తర్వాత ఏ స్క్రీన్ వస్తుందన్నది మాత్రమే. ఆ స్క్రీన్ ఎందుకుందో అడిగే తీరిక అక్కడ ఉండదు.

ఎందుకని అడగకపోతే ఏమవుతుందో తెలంగాణ రైతులకు బాగా తెలుసు. భూ రికార్డుల ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్పు) తహసీల్దార్ దగ్గర ఒకేసారి జరిగిపోవడం నిజంగా మంచి ఆలోచన. ఆ వేగం చాలామందికి మేలు చేసింది కూడా. కానీ 2017 భూ రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులు అలాగే కొత్త పోర్టల్‌లోకి వచ్చాయి. భూమి ఎవరి స్వాధీనంలో ఉందో చూపే అనుభవదారు కాలమ్ తీసేశారు. తప్పు దిద్దే అధికారం కింది స్థాయిలో లేకుండా పోయింది, అప్పీలు దారి మూసుకుపోయింది. విస్తీర్ణం తగ్గినా, పేరు తప్పుపడినా, భూమి నిషేధిత జాబితాలోకి వెళ్లినా దరఖాస్తు ఎక్కడ పెట్టాలో మొదట్లో పోర్టల్‌లో చోటే లేదు. మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా తర్వాత చేర్చుకుంటూ పోయారు. చివరకు చట్టమే మారింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అప్పీలు వ్యవస్థ తిరిగి వచ్చింది.

ధరణి మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వాదన ఇక్కడ అనవసరం. ఆ వాదనకు వేదికలు చాలా ఉన్నాయి. మేం చెప్పేది వేరు. సాఫ్ట్‌వేర్ తనకు చెప్పింది చెప్పినట్టే చేసింది. పాత తప్పును కొత్త వ్యవస్థలోకి తీసుకెళ్లే ముందు ఎలా వడకట్టాలి, ఏ కాలమ్ తీసేస్తే ఎవరి హక్కుకు ఆధారం పోతుంది, మామూలు కేసు కానిది వస్తే ఎటు పంపాలి అన్నవి ప్రోగ్రామర్‌ను అడిగితే తేలేవి కావు, రెవెన్యూ అధికారి ఒక్కడే తేల్చేవీ కావు. ఇద్దరి భాషా తెలిసినవాడు మధ్యలో ఉండాలి. ఆ మనిషిని తయారుచేసేదే ఈ డిగ్రీ. అలాంటివాళ్లు పదిమంది ఉంటే ధరణి కష్టాలన్నీ తప్పేవని మేం అనం. పై నుంచి వచ్చిన నిర్ణయాన్ని కింద కూర్చున్న అనలిస్టు ఆపలేడు. కనీసం ఆ ప్రశ్నలు ఫైలు మీద నమోదయ్యేవి.

ఇంకో చిత్రం ఏమంటే, ఈ చదువుకు కావలసిన సరుకు మన దగ్గర ఉన్నంతగా దేశంలో చాలా రాష్ట్రాల్లో లేదు. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ ‘కార్డ్’ 1998లో మొదలైంది. జంట నగరాల్లో ‘ట్విన్స్’ కేంద్రం 1999లో వచ్చింది, 2001లో అది ఈసేవ అయింది, 2011లో మీసేవ వచ్చింది. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వాట్సాప్‌లోనే ‘మన మిత్ర’ సేవలు అందుతున్నాయి. పాతికేళ్లకు పైగా సాగిన ప్రయోగశాల ఇది. ఐఐఎం అహ్మదాబాద్‌కు చెందిన సుభాష్ భట్నాగర్ ‘కార్డ్’పై అధ్యయనం రాశారు. కంప్యూటర్లు వచ్చినా రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ ఉండే దస్తావేజు లేఖరుల పట్టు సడలలేదని, అవినీతి అనుకున్నంత తగ్గలేదని వాదించిన పరిశోధకులూ ఉన్నారు. ఒకే వ్యవస్థ మీద రెండు అభిప్రాయాలంటే క్లాసులో ఒక వారమంతా వాదించుకోవచ్చు. వేరే చోటివాళ్లు మన ఆఫీసుల మీద పాఠాలు రాసుకుంటుంటే, మన ఎంబీఏ విద్యార్థి అమెరికన్ సూపర్ మార్కెట్ల కథలతో పరీక్ష రాస్తున్నాడు.

ఉద్యోగాల మాట కూడా చూడాలి. హైదరాబాద్‌కు వరసగా వస్తున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో (విదేశీ కంపెనీలు తమ పనుల కోసం ఇక్కడ పెట్టుకునే ఆఫీసులు) కోడ్ రాసేవాళ్లతోపాటు బిజినెస్ అనలిస్టులు, ఈఆర్‌పీ మనుషులు, ఐటీ ఆడిట్ చేసేవాళ్లు కావాలి. కోడ్ రాయడంలో ఏఐ చేయి పడుతున్న కొద్దీ ఏం రాయించాలో తేల్చుకోగలవాడి విలువ పెరుగుతుందన్నది మా అంచనా. ఎంత పెరుగుతుందో ఇప్పుడే చెప్పడం తొందరపాటు.

దారి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఐఐఎం కలకత్తా, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఐటీ ఖరగ్‌పూర్ మూడూ కలిసి 2015లో బిజినెస్ అనలిటిక్స్‌లో ఉమ్మడి డిప్లొమా మొదలుపెట్టాయి. ఎవరికి చేతనైంది వాళ్లు చెబుతారు, విద్యార్థి మూడు చోట్లా చదువుతాడు. ఐఐఎం విశాఖపట్నం, ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీల్లో కొన్ని కలిసినా ఇక్కడ అలాంటి ఎంఎస్ పెట్టవచ్చు. దీనికి పెద్ద అడ్డంకి అధ్యాపకులు. మేనేజ్‌మెంట్ విభాగాల్లో ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తూ కొత్త కోర్సు బోర్డు తగిలిస్తే అది మరో బీబీఏ అనలిటిక్స్ అవుతుంది. బీబీఏ, బీసీఏలను అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి తన పరిధిలోకి తెచ్చుకుంది. ఆ పెత్తనం ల్యాబుల కొలతలకే పరిమితం కాకుండా, ఈ రెండు కోర్సుల మధ్య గోడలో ఒక తలుపు పెట్టించగలిగితే మేలు.

ప్రభుత్వాలు తక్షణం చేయగలిగింది ఒకటుంది, దానికి బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. భూభారతి, మీసేవ, మన మిత్రల్లో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏ దశలో ఆగాయి, దిద్దడానికి ఎన్ని రోజులు పట్టిందన్న వివరాలను మనుషుల పేర్లు, సర్వే నంబర్లు తీసేసి విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలి. ప్రతి ఎంబీఏ కాలేజీ నుంచి నలుగురు విద్యార్థులను ఒక సెమిస్టర్ తహసీల్దార్ ఆఫీసులోనో మీసేవ కేంద్రంలోనో కూర్చోబెట్టి, వాళ్లు గీసుకొచ్చిన పని చిత్రాన్ని పోర్టల్ నడిపే ఐటీ విభాగం ముందుంచాలి. రాబోయే విద్యా సంవత్సరానికే ఇది మొదలుపెట్టవచ్చు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు ఇందుకు అవసరమైన ఉత్తర్వుల కోసం ఇప్పుడే రెవెన్యూ, ఐటీ శాఖలకు లేఖ రాయాలి.