నెయ్యి ఎంతైనా తినొచ్చని అమెరికా చెప్పలేదు

దసరా దగ్గరపడితే చాలు, హన్మకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇది: "కొలెస్ట్రాల్‌తో ప్రమాదం లేదని 2015లో అమెరికాయే ఒప్పుకుంది. నెయ్యి, మటన్, గుడ్లు ఎంతైనా తినండి. రోజూ గంట నడిస్తే అన్నీ కరిగిపోతాయి. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, వెనిగర్, తేనె కలిపి తాగితే గుండెలో బ్లాకులు పోతాయి. కొలెస్ట్రాల్ మాత్రలన్నీ కంపెనీల వ్యాపారం." ఇందులో కొంత నిజం ఉంది. జనం నమ్మేది ఆ కొంతను చూసే.

ముందు అమెరికా సంగతి. తిండి ద్వారా వచ్చే కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని అక్కడి ఆహార మార్గదర్శకాల్లో ఉండేది. 2015-20 మార్గదర్శకాల్లో ఆ అంకె తీసేశారు, నిజమే. రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన లివరే తయారు చేసుకుంటుంది. గుడ్డు తింటే చాలామందిలో అది పెరిగేది కొద్దిగానే. కానీ అదే పుస్తకంలోని రెండు మాటలు మెసేజ్ రాసినాయన మింగేశాడు. కొలెస్ట్రాల్ వీలైనంత తక్కువే తినమన్నది ఒకటి. సంతృప్త కొవ్వును మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉంచమన్నది రెండోది. అసలు కథంతా ఈ రెండోదాంట్లోనే ఉంది. నెయ్యిలో, మాంసం కొవ్వులో, పామాయిల్‌లో, కొబ్బరినూనెలో ఈ సంతృప్త కొవ్వు దండిగా ఉంటుంది. ఇది ఎక్కువైతే, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టి లోపలికి లాక్కునే లివర్ గ్రాహకాలు తగ్గిపోతాయి. అప్పుడు ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ రక్తనాళాల గోడల్లో చేరుతుంది. పామాయిల్ ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ ఫ్రీ" అని రాసుకున్నా మురిసిపోనక్కర్లేదు. మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆ 10 శాతం అంటే 22 గ్రాములు. ఒక పెద్ద స్పూను నెయ్యిలోనే 8, 9 గ్రాములుంటాయి. పప్పన్నంలో ఒక స్పూను, ఆవకాయ అన్నంలో ఇంకో స్పూను వేసుకుని, రాత్రి మటన్ తింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

దసరాకు మటన్ మానమని నేను చెప్పను. చెప్పినా ఓరుగల్లులో వినేవాళ్లెవరు? కాకపోతే షాపులో తూకం వేసేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి. ముక్కల మధ్యలో తెల్లటి కొవ్వు గడ్డ పడుతుంది. కూర రుచిగా ఉంటుందని కొందరు అడిగి మరీ వేయించుకుంటారు. దాన్ని వద్దనండి. మిగిలిన కూర రాత్రి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పైన గట్టిగా ఒక పొర పేరుకుంటుంది. వేడి చేయకముందే దాన్ని స్పూనుతో ఎత్తి పారేయొచ్చు.

మెసేజ్‌లో అసలు ఊసే లేనిది అన్నం. మనవాళ్ల రక్తపరీక్ష రిపోర్టుల్లో తరచూ కనిపించేది ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) ఎక్కువ, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తక్కువ. అవసరానికి మించిన అన్నాన్ని, చక్కెరను లివర్ కొవ్వుగా మారుస్తుంది. దానికి తాగుడు తోడైతే చెప్పేదేముంది. నెయ్యి మానేసి మూడుపూటలా అన్నమే తినేవాళ్లు "నేనేం తినట్లేదే" అని ఆశ్చర్యపోయేది ఇందుకే.

నడక గురించి. భద్రకాళి బండ్ మీద నడిచేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. నడకతో ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, హెచ్‌డీఎల్ కాస్త పెరుగుతుంది, బీపీ, షుగర్ అదుపులోకొస్తాయి. ఎల్‌డీఎల్ మీద మాత్రం దాని ప్రభావం తక్కువే. డెబ్బై కిలోల మనిషి నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. నడక అయ్యాక బండి దగ్గర ఆగి తినే ఒక ప్లేటు మైసూరు బజ్జీ దాన్ని దాటిపోతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఏం తిన్నా ఫరవాలేదని మాత్రం అనలేదు.

వెల్లుల్లి కషాయానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 192 మందితో ఆరు నెలల పాటు పచ్చి వెల్లుల్లిని, వెల్లుల్లి మాత్రలను పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. ఎల్‌డీఎల్ తగ్గలేదు. చారులో వేసుకోండి, బాగుంటుంది. దాన్ని నమ్ముకుని డాక్టరిచ్చిన మాత్ర ఆపితేనే ముప్పు.

మరి తిండితో కొలెస్ట్రాల్ తగ్గదా? తగ్గుతుంది. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఓట్స్, బార్లీ, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్‌తో (కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు) పాటు బెండకాయ, వంకాయ కూడా చేర్చి, ఆ తిండంతా తామే ఇచ్చి నెల రోజులు తినిపించింది. ఎల్‌డీఎల్ 29 శాతం దాకా పడిపోయింది. ఇది 2003 మాట. తర్వాత జనాన్ని ఇళ్లలోనే వండుకుని తినమంటే ఆరు నెలలకు తగ్గింది 13 శాతం చిల్లర. అంటే తిండికి బలముంది, ఇంట్లో నిలబెట్టుకోవడమే కష్టం. బెండ, ఉలవలు, బబ్బెర్ల లాంటివాటిలో ఉండే కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. దాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్ వాడుకోక తప్పదు.

ఇక కంపెనీల వ్యాపారం. కంపెనీలు లాభం చూసుకుంటాయి, అందులో అనుమానమేం లేదు. కానీ ఏ మాత్రా మధ్యలో లేని సాక్ష్యం కూడా ఉంది. ఎల్‌డీఎల్ గ్రాహకాలు పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. ఆ గ్రాహకాన్ని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. దీనికి పూర్తిగా తిరగేసి, జన్యువుల వల్ల పుట్టినప్పటి నుంచి ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోట్లు బాగా తక్కువని 2006లో తేలింది. వాళ్లకెవరూ మాత్రలు అమ్మలేదు.

షుగరో, పాత గుండెపోటో ఉన్నవాళ్లలో చాలామందికి తిండి, నడకలతో పాటు మాత్ర కూడా అవసరమవుతుంది. మిగతావాళ్లలో చాలామంది ముందు తిండి మార్చుకుని, రెండు మూడు నెలలాగి మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకుని చూసుకోవచ్చు. అదే రక్తంతో థైరాయిడ్ కూడా చేయించండి, అది తక్కువగా పనిచేసినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. మాత్ర తగ్గించాలా, ఆపాలా అన్నది ఆ రిపోర్టు పట్టుకెళ్లి డాక్టర్‌నే అడగండి.