బడి సగమే, మిగతా సగం ఇంటి అరుగు
టిబెటన్ భాషను నిలుపుకోవడం, ఇతరులతో పంచుకోవడం గురించిన ఒక వ్యాసం చదివాను. ప్రవాసంలో టిబెటన్ల భాష నిలిచింది 1960లో ధర్మశాలలో మొదలైన టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ వంటి బడుల వల్లనేనన్న వ్యాసకర్త మాటతో నేను సగం వరకే ఏకీభవిస్తాను. ఆ బడుల మేలు కాదనలేనిది; కానీ చదువులకూ ఉద్యోగాలకూ కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్ వంటి టిబెటన్ శరణార్థుల స్థావరాలు విడిచి నగరాలకు చేరిన కుటుంబాల పిల్లలకు అవి అందవు. ఏటా చలికాలంలో మా విశాఖపట్నం వచ్చి స్వెట్టర్లు అమ్మే టిబెటన్ల కొట్లలో ఒకదాని దగ్గర, బేరాలు లేని ఒక మధ్యాహ్నం, బెంగళూరులో ఇంగ్లీషు బడికి వెళ్ళే మనవరాలి చేత ఒక అవ్వ బిల్లు పుస్తకం వెనక అట్ట మీద అక్షరాలు దిద్దించడం చూశాను. అక్షరం కింద మరో అక్షరం చేరే తీరు మన వత్తులను గుర్తుకు తెచ్చింది. ఒక్కో పదాంశం తరువాత పైన చిన్న చుక్క పెట్టాలట; ఆ పిల్ల అది మరిచినప్పుడల్లా అవ్వ ఏమీ అనకుండా పెన్ను మొనతో ఆ చోటు తట్టేది. రాసిన అక్షరాల్లో కొన్ని పలకని లిపి అది, కనుక మాట్లాడటం వచ్చినంత మాత్రాన రాయడం రాదు, పక్కన కూర్చుని దిద్దించే మనిషి కావాలి. ఇక ఆ భాషను ఇతరులతో పంచుకోవడమంటారా, 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిపినప్పుడు తండోపతండాలుగా వెళ్ళి చూసివచ్చిన మనలో (నేనూ ఉన్నాను) టిబెటన్ అక్షరం ఒక్కటైనా నేర్చుకున్నవారు ఎందరు? స్థావరాల్లో సాయంత్రం తరగతులు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలనూ కూర్చోనిస్తే ఆ పని కొంతైనా జరుగుతుంది.