ఖైదీకి పేరు పెట్టకండి సార్, తర్వాత చాలా ఇబ్బంది

సైన్స్ ఫిక్షన్ సీరియళ్లలో అందరూ చూస్తూ కూడా ఎవరూ పట్టించుకోని ఒక తీవ్రమైన పరిపాలనా లోపం గురించి ఇవాళ మాట్లాడుకోవాలి. శత్రువు దొరికాడు, సరే, ఇప్పుడేం చేయాలి? కాంతి కంటే వేగంగా పోయే ఓడలు కట్టినవాళ్లు, మనిషిని ముక్కముక్కలుగా విడదీసి ఇంకో గ్రహం మీద మళ్లీ అతికించేవాళ్లు, పట్టుబడ్డవాడిని ఏ గదిలో పెట్టాలి, ఏం తిండి పెట్టాలి, చెయ్యి చేసుకోవచ్చా లేదా అని ముందే ఒక్క కాగితం కూడా రాసి పెట్టుకోరు. ప్రతిసారీ మీటింగే. డాక్టర్ వద్దంటారు, సెక్యూరిటీ వాళ్లు చంపేద్దామంటారు, కెప్టెన్ కిటికీలోంచి నక్షత్రాలు చూస్తూ నిలబడతాడు.

1949లో రాసుకున్న మూడో జెనీవా ఒప్పందం ఉంది కదా, దాన్ని దులిపి వాడుకోవచ్చు కదా అని నాకు ఎప్పట్నించో అనుమానం. ప్రయత్నిద్దాం. 17వ ఆర్టికల్ ప్రకారం యుద్ధఖైదీ చెప్పాల్సింది పేరు, హోదా, పుట్టినతేదీ, నంబరు, అంతే. స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లో 1992లో వచ్చిన 'ఐ, బోర్గ్' ఎపిసోడ్‌లో గాయపడి దొరికిన బోర్గ్ (సగం మనుషులు సగం యంత్రాలు, జాతి మొత్తానికీ ఒకటే బుర్ర) కుర్రాడిని నువ్వెవరు అంటే "థర్డ్ ఆఫ్ ఫైవ్" అన్నాడు. పేరు, హోదా, నంబరు మూడూ ఒకే ముక్కలో చెప్పేశాడు, ఇంత క్రమశిక్షణ గల ఖైదీ ఏ సైన్యానికీ దొరికుండడు. ఇక 26వ ఆర్టికల్, ఖైదీకి అలవాటైన తిండి ఏంటో కూడా చూసుకోవాలంటుంది. వాడికి అలవాటైన తిండి కరెంటు. ఇంజనీర్ జార్డీ లాఫోర్జ్ పాపం వెంటనే సెల్‌లోనే పవర్ లైన్ ఏర్పాటు చేశాడు. జెనీవా వాళ్లు చూస్తే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు.

అంతా పద్ధతిగా నడుస్తుంటే అదే జార్డీ వాడికి 'హ్యూ' అని పేరు పెట్టాడు. పని చెడింది అక్కడే.

ఎందుకంటే ప్లాన్ ఏంటంటే ఎప్పటికీ తేలని ఒక జ్యామితి బొమ్మని వాడి బుర్రలో ఎక్కించి ఇంటికి పంపిస్తే, మొత్తం బోర్గ్ జాతి దాన్ని విప్పుదామని కూర్చుని కూర్చుని కుప్పకూలిపోవాలి. జాతి మొత్తం అన్నమాట. ఈ ప్లాన్ మీటింగ్‌లో వినిపించినప్పుడు డాక్టర్ క్రషర్ తప్ప పెద్దగా ఎవరూ ఉలిక్కిపడలేదు. "థర్డ్ ఆఫ్ ఫైవ్" ద్వారా ఒక జాతిని తుడిచిపెట్టడం వ్యూహం, హ్యూ ద్వారా అదే పని చేయడం మాత్రం ఘోరం! ఇంతకీ ఏం తేల్చారు? ఇక్కడే ఉండిపోతావా అని కెప్టెన్ పికార్డ్ ఖైదీనే అడిగాడు. వాడు, నేను కనపడకపోతే నాకోసం మావాళ్లు మీ వెంట పడతారు, నేనే వెనక్కి పోతాను అన్నాడు. అంటే కెప్టెన్ నెత్తిమీది బరువు ఖైదీ దింపి పెట్టాడు. పాము చావలేదు, కర్ర విరగలేదు, హీరో జుట్టు కూడా చెదరలేదు (పికార్డ్‌కి చెదరడానికి ఏమీ లేదనుకోండి, అది వేరే సంగతి).

ఈ పాము-కర్ర ఏర్పాటు కనిపెట్టింది టీవీ వాళ్లని మాత్రం అనుకోకండి. నిద్రపోతున్న పిల్లల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టేసి తెస్తే ద్రౌపది వదిలేయమంది, భీముడు చంపమన్నాడు, కృష్ణుడు రెండూ చేయమన్నాడు. అర్జునుడు జుట్టుతో సహా మణి కోసేసుకుని తోలేశాడు. ఇవాళ్టి ఏ రైటర్స్ రూమ్‌కైనా కృష్ణుడే షో రన్నర్‌గా సరిపోతాడు.

స్టార్‌గేట్ అట్లాంటిస్ వాళ్ల దగ్గర నా పేరు సిద్ధాంతం కాస్త దెబ్బతింటుందని ఒప్పుకోవాలి. అక్కడ శత్రుజాతి పేరు రెయిత్, దొరికిన ప్రతి రెయిత్‌కీ కల్నల్ షెపర్డ్ పేరు పెడతాడు, స్టీవ్, బాబ్ అని, పెట్టి కూడా ఏమాత్రం మొహమాటపడడు. రెయిత్‌లకి అలవాటైన తిండి మనిషి ప్రాణం కాబట్టి 26వ ఆర్టికల్ అమలు చేయడం కష్టం అనుకుంటాం కదా, వీళ్లు అదీ చేసి చూపించారు. స్టీవ్‌ని ఆకలితో మాడ్చి, రెయిత్ ప్రాణం పీల్చకుండా అడ్డుకునే మందు ఎక్కించిన ఒక చావుకు దగ్గరపడ్డ పెద్దాయన్ని, ఆయన ఒప్పుకున్నాడనే, ఎదురుగా పెట్టారు. మందు పనిచేసింది, స్టీవ్ చచ్చిపోయాడు. ఖైదీల మీద ప్రయోగాలు చేయకూడదని అదే ఒప్పందంలో 13వ ఆర్టికల్ ఉంది గానీ అక్కడిదాకా ఎవరూ చదివినట్టు లేదు.

తర్వాత ఇంకా మెరుగైన ఆలోచన వచ్చింది. ఖైదీ ఉంటేనే కదా ఈ తలనొప్పులు, అసలు శత్రువునే మనిషిగా మార్చేస్తే? 2006లో ఒక రెయిత్‌కి మందిచ్చి, గతం మర్చిపోయేలా చేసి, నువ్వు లెఫ్టినెంట్ మైఖేల్ కెన్మోర్‌వి, మా వాడివే, రెయిత్‌లు ఎత్తుకుపోతే మేమే కాపాడాం అని నమ్మించి, రోజూ ఇంజెక్షన్ ఇస్తూ, అందరూ నవ్వుతూ భుజం తట్టారు. ఈ మందు తయారుచేసింది ఎవరనుకున్నారు, మిగతా సీరియళ్లలో మీటింగ్‌లో లేచి ఇది అధర్మం అనాల్సిన డాక్టర్ గారే. మైఖేల్‌కి నిజం తెలిసింది, సహజంగానే కోపం వచ్చింది, ఆ కోపం సీరియల్ చివరి సీజన్ దాకా నడిచింది. శత్రుశేషం ఉంచకూడదని పెద్దలు అంటారు గానీ, శత్రువుని సగం చెక్కి వదిలేస్తే ఏమవుతుందో వాళ్లకి కూడా తట్టలేదు.

ఇక బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా. ఇక్కడ శత్రువులు సైలాన్‌లు, మనిషి రూపంలో ఉండే యంత్రాలు. సైలాన్‌ని చంపితే వాడి జ్ఞాపకాలన్నీ ఒంట్లోంచి ఎగిరిపోయి, దగ్గర్లో వాళ్ల రిసరెక్షన్ (పునర్జన్మ) ఓడ ఉంటే, కొత్త ఒంట్లో లేచి కూర్చుంటాడు. యుద్ధం ముగిశాక ఖైదీలని ఆలస్యం చేయకుండా వెనక్కి పంపాలని 118వ ఆర్టికల్ చెప్తుంది, ఈ లెక్కన తుపాకీ పేల్చడమే అతి వేగంగా స్వదేశానికి పంపే పద్ధతి. 2006లో వచ్చిన 'ఎ మెజర్ ఆఫ్ సాల్వేషన్'లో సరిగ్గా దీన్నే ఆయుధం చేద్దామనుకున్నారు. జబ్బు పడ్డ సైలాన్ ఖైదీలని వాళ్ల ఓడ దగ్గరికి తీసుకెళ్లి చంపితే జబ్బు కూడా వాళ్లతోపాటే ఇంటికి పోయి జాతి మొత్తానికీ అంటుకుంటుంది. గెలాక్టికా ఓడ అడ్మిరల్ అడామా నిర్ణయం ప్రెసిడెంట్ రోజ్లిన్ మీదకి తోశాడు, ఆవిడ సరే అంది. అప్పుడు హీలో అనే అధికారి, ఓడలో మనస్సాక్షి డ్యూటీ పర్మనెంటుగా ఆయనదే, ఈ జాతిహత్య ఆపాలని ఏం చేశాడంటే, ఖైదీలున్న గదిలో గాలి తీసేసి అందరినీ ముందే చంపేశాడు. ధర్మం గెలిచింది, ఖైదీలు మాత్రం పోయారు. అడామా విచారణ లేకుండానే ఫైలు మూసేశాడు.

అదే రోజ్లిన్ 2005లో, లియోబెన్ అనే సైలాన్ తలని పైలట్ స్టార్‌బక్ బకెట్ నీళ్లలో ముంచి ముంచి బాంబు ఎక్కడుందో చెప్పమంటుంటే, వచ్చి ఇదేం పద్ధతి అని చీవాట్లు పెట్టి, కట్లు విప్పించి, వాడికి నిమ్మళంగా మాట ఇచ్చి, బాంబు లేదన్న నిజం రాబట్టాక ఎయిర్‌లాక్‌లోంచి బయటికి తోయించేసింది. చిత్రహింస తప్పు, అబద్ధం తప్పు కాదు, ఎయిర్‌లాక్ సరే సరి. అదే యుద్ధంలో పెగసస్ అనే ఇంకో ఓడలో జీనా అనే సైలాన్ ఖైదీకి జరిగిందాని గురించి మాత్రం వ్యంగ్యం రాయడం నావల్ల కాదు. అక్కడ అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ నోరు లేదు, ఆ ఓడ నడిపే అడ్మిరల్ కెయిన్ మాటే చట్టం, అంతే.

ఇంతకీ ఇవన్నీ కాలక్షేపం కబుర్లని తీసిపారేసేవాళ్లకి ఒక సంగతి. 2009 మార్చిలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వాళ్లు గెలాక్టికా నటుల్ని, నిర్మాతల్ని పిలిచి మానవహక్కుల మీద చర్చ పెట్టారు, అడామా, రోజ్లిన్ వేషాలు వేసినవాళ్లు ఇద్దరూ వచ్చారు. ఆ చర్చని నడిపింది వూపీ గోల్డ్‌బర్గ్. 'ఐ, బోర్గ్'లో పికార్డ్ స్నేహితురాలు గైనన్‌గా వేసింది ఆవిడే, అందులో పికార్డ్‌తో కత్తిసాము చేస్తూ దెబ్బ తగిలినట్టు నటించి, ఆయన అయ్యో అని కత్తి దించగానే టక్కున పొడిచి, జాలిపడ్డావు, ఏమైందో చూసుకో అంటుంది. పికార్డ్ ఆ పాఠం వినలేదు, హ్యూని వదిలేశాడు. మరుసటి ఏడాది ఎపిసోడ్‌లో అడ్మిరల్ నెచాయెవ్ ఆయన్ని నిలబెట్టి, ఈసారి అవకాశం వస్తే బోర్గ్‌ని మొత్తంగా ఊడ్చిపారేయమని ఆర్డర్ వేసింది. ఆ ఆర్డర్‌కి మాత్రం మీటింగ్ పెట్టలేదు.